వైన్స్ నుంచి వైన్ దాకా, వయా కల్లుపాక

మన ఊళ్ళలో ‘వైన్స్’ అని బోర్డున్న కొట్టుకెళ్ళి నిజంగా వైన్ అడిగి చూడండి. కొట్టువాడు మిమ్మల్ని ఎగాదిగా చూసి, పై అరలోంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి దించుతాడు, అదీ ఉంటే. మిగతాదంతా విస్కీ, బ్రాందీ, బీరు. కొట్టు పేరు మాత్రం వైన్సే, దానికి ముందు ఓ దేవుడి పేరు కూడా. మాట వచ్చి, దాని వెనకాల రావలసిన సరుకు రాకపోతే ఇలాగే ఉంటుంది. మనలో చాలామందికి అసలు ద్రాక్షతో పులియబెట్టిందేదైనా తెలిసింది రెండే చోట్ల. చర్చిలో ద్రాక్షారసం, ఆయుర్వేదం కొట్టులో ద్రాక్షాసవం. రెండోది నీరసానికి మందని మా ఇంట్లో చెంచాతో కొలిచి పోసేవాళ్ళు.

ఇప్పుడీ గోలెందుకంటే, ఇక్కడ యూ టీలో మా చుట్టుపక్కల బ్లాకుల్లో ఉండే నాలుగు తెలుగు కుటుంబాలం డిసెంబరు సెలవుల్లో పశ్చిమ ఆస్ట్రేలియా వైన్ తోటలు చూడ్డానికి వెళ్దామనుకున్నాం. స్ప్రెడ్‌షీట్ ఎవరు మొదలుపెడితే ప్లాను వాళ్ళదే కాబట్టి బాధ్యత నా మీద పడింది. హోటళ్ళూ, కారు అద్దెలూ ఒక సాయంత్రం పని. కానీ ఎక్కడెక్కడ ఆగాలో తేల్చుకోవాలంటే ఆ తోటలు ఎవరు వేశారో, ఎందుకు వేశారో చదవాలి కదా! చదువుతూ పోతే అది మలయా రబ్బరు తోటల మీదుగా నెల్లూరు జిల్లా దాకా వచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు భూగోళం. సింగపూర్ నుంచి పెర్త్‌కి విమానంలో ఐదు గంటల పైచిలుకు. రెండు ఊళ్ళకీ గడియారం ఒకటే, జెట్ లాగ్ బాధ లేదు. పెర్త్ నుంచి అరగంట డ్రైవులో స్వాన్ వ్యాలీ. దక్షిణంగా 270 కిలోమీటర్లు, అంటే మూడు గంటలు వెళ్తే మార్గరెట్ రివర్. మొదటిది పాతది, రెండోది కొత్తది. రెండింటి కథలూ వేరు.

స్వాన్ వ్యాలీ: ఇండియాలో ఉన్న కల్నల్‌గారి తోట

బ్రిటిష్‌వాళ్ళు స్వాన్ నది ఒడ్డున కాలనీ పెట్టింది 1829లో. ఆ నేల అప్పటికి వేల ఏళ్ళుగా వాజుక్ నూంగార్ ప్రజలది. వాళ్ళనడిగి పెట్టిందేమీ లేదు. ఆ ఏడాదే వచ్చిన థామస్ వాటర్స్ అనే ఆయన దక్షిణాఫ్రికాలో ద్రాక్ష సంగతి నేర్చుకుని, మొక్కలు వెంట తెచ్చుకున్నాడు. ఆలివ్ ఫార్మ్ పేరుతో ఆయన వేసిన తోటే ఆ రాష్ట్రంలో వైన్‌కి మొదలు.

నన్ను ఆపేసింది మాత్రం 1836 నాటి హాటన్ తోట. కొన్నది ముగ్గురు, ముగ్గురూ ఇండియాలో బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన ఆఫీసర్లు. వాళ్ళలో పెద్ద ర్యాంకు లెఫ్టినెంట్ కల్నల్ రిచ్‌మండ్ హాటన్‌ది కాబట్టి తోటకి ఆయన పేరు పెట్టారు. ఆయన ఇండియాలోనే ఉండిపోయాడు, తన పేరున్న తోటని ఒక్కసారి కూడా చూడలేదు. దగ్గరుండి చూసుకున్నది భాగస్వామి యూల్. ఈ ఏర్పాటు మనకి కొత్తేమీ కాదు, కాలిఫోర్నియాలో కూర్చుని శంషాబాద్ అవతల ప్లాటు కొనడం లాంటిదే :) కాకపోతే ఆ జీతం ఎక్కడిదో కూడా చూడాలి. ఇండియాలో సైన్యానికి జీతాలు మన రైతులు కట్టిన శిస్తులోంచి వచ్చినవే. అంటే స్వాన్ వ్యాలీ తొలి తోటల్లో ఒకదాని పెట్టుబడిలో మనవాళ్ళ వరిచేలదీ ఓ వాటా ఉందన్నమాట. 1859లో డాక్టర్ ఫెర్గూసన్ ఆ తోట కొని, వైన్ అమ్మడం మొదలుపెట్టాడు.

హాటన్ పేరు తర్వాత ఆస్ట్రేలియా అంతా తెలిసింది. జాక్ మాన్ అనే వైన్ తయారీదారు అక్కడ 51 పంటలు తీశాడు. 1937లో ఆయన చేసిన ‘వైట్ బర్గండీ’ దేశంలో బాగా అమ్ముడుపోయిన తెల్ల వైన్లలో ఒకటి. బర్గండీ ఫ్రాన్సులో ఓ ప్రాంతం పేరు కదా, అది మీరెలా వాడతారని యూరప్ వాళ్ళు పట్టుబట్టాక పేరు మార్చారు. 2019లో ఆ పాత స్థలాన్ని యూకిచ్ కుటుంబం కొనుక్కుంది. ఇప్పుడక్కడ ఉన్నది నికొలా ఎస్టేట్. పాత పుస్తకం పట్టుకుని హాటన్ కోసం వెతికితే బోర్డు కనపడదు, వెళ్ళేవాళ్ళు గమనించండి.

యూకిచ్ అనేది క్రొయేషియా పేరు. అసలు స్వాన్ వ్యాలీ కథంతా ఇక్కడే మలుపు తిరుగుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డాల్మేషియా తీరం నుంచి పేద రైతుల పిల్లలు బంగారు గనుల్లో, కలప కోతల్లో కూలికి వచ్చారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ ప్రజలన్న సాకుతో కొందర్ని నిర్బంధంలో కూడా పెట్టారు. అయినా యుద్ధం తర్వాత కూడబెట్టిన డబ్బుతో స్వాన్ వ్యాలీలో తలా కొన్ని ఎకరాలు కొనగలిగారు. ఇంటి దగ్గర తాతలు చేసినట్టే ద్రాక్ష వేసి, వైన్ పట్టి, పీపాల్లోంచి చుట్టుపక్కలవాళ్ళకి అమ్ముకున్నారు. 1922లో మొదలైన కొసోవిచ్‌ల తోట ఇప్పటికీ ఉంది. వాళ్ళ నేలమాళిగ చేత్తో తవ్వుకున్నది.

‘కొనగలిగారు’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. దానితో మళ్ళీ పనుంది.

మార్గరెట్ రివర్: డాక్టర్ల వారాంతం

ఇది మన తరానికి బాగా అర్థమయ్యే కథ. వాదాండీ నూంగార్‌ల నేల ఇది. 1920లలో ప్రభుత్వం బ్రిటన్ నుంచి కుటుంబాలను తెచ్చి, అడవి కొట్టుకుని పాడి పెట్టుకోమని ఇక్కడికి పంపింది. చాలామంది తట్టుకోలేక వెళ్ళిపోయారు. 1955లో కాలిఫోర్నియా ప్రొఫెసర్ హెరాల్డ్ ఓల్మో వచ్చి, ద్రాక్షకి దక్షిణాన చల్లటి నేలలు చూడండని సలహా ఇచ్చాడు. ఆ దారిలోనే 1965లో జాన్ గ్లాడ్‌స్టోన్స్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త వానలూ, ఎండలూ, మంచూ లెక్కలు తీసి, ఇక్కడి వాతావరణం ఫ్రాన్సులోని బోర్దో లాంటిదని తేల్చాడు. అప్పటికి ఆ ప్రాంతంలో చెప్పుకోదగ్గ ద్రాక్షతోట లేదు. వట్టి డేటా చూసి చెప్పాడు.

ఆ కాగితం చదివి కదిలింది రైతులు కాదు, డాక్టర్లు. పెర్త్‌లో గుండె డాక్టరు టామ్ కల్లిటీ 1967లో వాస్ ఫెలిక్స్ తోట వేశాడు. వారమంతా ఆస్పత్రి, శనాదివారాలు మూడు గంటలు కారు నడుపుకుని తోట. 1969లో మాస్ వుడ్ వేసిన బిల్ పానెల్ డాక్టరే, 1971లో కల్లెన్ తోట వేసిన కెవిన్ కల్లెన్ కూడా డాక్టరే. దేశం ద్రాక్ష పంటలో చిన్న వాటాయే అయినా ఖరీదైన వైన్లలో ఈ ప్రాంతానికి పెద్ద పేరుంది.

చేతిలో మంచి ఉద్యోగం, ఓడిపోయినా రోడ్డున పడని భరోసా, కొనడానికి నేల. ఈ మూడూ ఉంటే ప్రయోగం చెయ్యొచ్చు.

మరి ఆ రోజుల్లో మనవాళ్ళు ఎక్కడున్నారు?

క్రొయేషియా కూలీలు స్వాన్ వ్యాలీలో ఎకరాలు కొనుక్కుంటున్న ఆ రోజుల్లోనే విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి తెలుగు కూలీలూ సముద్రం దాటుతున్నారు. వాళ్ళు పెర్త్ ఎందుకు వెళ్ళలేదు? వెళ్ళనివ్వలేదు కాబట్టి. 1901 వలస చట్టం కింద ఆస్ట్రేలియా రేవులో దిగినవాడికి డిక్టేషన్ పరీక్ష పెట్టొచ్చు. ఏదైనా యూరప్ భాషలో యాభై మాటల పేరా చదువుతారు, తప్పులేకుండా రాయాలి. ఏ భాషన్నది ఆఫీసరు ఇష్టం. మీకు జావా వస్తే కోబాల్‌లో, కోబాల్ వస్తే మరోదాంట్లో ఇంటర్వ్యూ చేసే ప్యానెల్ అన్నమాట. ఆ పరీక్ష 1958 దాకా ఉంది. రంగు చూసి రానిచ్చే పద్ధతి 1973లో గానీ పూర్తిగా పోలేదు.

కాబట్టి మనవాళ్ళు బర్మాకీ, కొంతమంది మలయాకీ వెళ్ళారు. మలయాలో ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ఆగింది. కంగాణీలు ఊళ్ళకొచ్చి మనుషుల్ని తీసుకెళ్ళే పద్ధతి ఇంకా చాలా ఏళ్ళు నడిచింది. చివరికి 1938లో ఇండియా ప్రభుత్వం కూలీల వలసని ఆపేసింది. తోటల్లో తమిళులే ఎక్కువ. తెలుగువాళ్ళు గుంపుగా ఉన్న చోట్లలో చెప్పుకోదగ్గది దిగువ పేరాక్‌లో బగాన్ దాతో వైపు కొబ్బరి తోటలు. ఈ సమూహాలే తర్వాత 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నాయి.

తోటలో కూలీకి గది దొరనిది, రేషను కొట్టు దొరనిది, బడి ఉంటే బడీ దొరదే. సాయంత్రం తాగే కల్లు దుకాణం కూడా తోట ఆవరణలోనే, లైసెన్సు తోట పేరు మీదే. పొద్దున్న కూలి ఇచ్చిన చెయ్యే సాయంత్రం దాన్లో కొంత కల్లు డబ్బుగా వెనక్కి తీసుకునేది. ఆ లాభం కూలీల సంక్షేమ నిధికే పోతుందని పైకి చెప్పేవారు. అంటే నువ్వు తాగితేనే నీ పిల్లలకి ఆటస్థలం! దుకాణాలు మూసెయ్యండని ఎవరైనా అంటే అధికారుల జవాబు ఒకటే. కల్లు ఆపితే వీళ్ళు దొంగ సంసూ తాగి చస్తారు అని. సంసూ అంటే అక్కడి నాటుసారా.

కూలీలు దీన్ని ఊరికే భరించలేదు. 1941లో సెలంగోర్‌లోని క్లాంగ్ ప్రాంతపు తోటల్లో పెద్ద సమ్మె జరిగింది. నాయకుడు ఆర్.హెచ్. నాథన్. వాళ్ళ కోరికల్లో చైనా కూలీలతో సమాన కూలి ఉంది, దొర ఎదురొస్తే సైకిల్ దిగాలన్న నియమం పోవాలన్నది ఉంది, కల్లు దుకాణాలు మూసెయ్యాలన్నదీ ఉంది. ప్రభుత్వం నాథన్‌ని అరెస్టు చేసింది, సైన్యాన్ని దించింది, కాల్పుల్లో కూలీలు చనిపోయారు. యుద్ధం అయ్యాక 1946-47లో కెడాలో ఎ.ఎం. సామి ఆధ్వర్యంలో ‘తొండర్ పడై’ అనే దళం మళ్ళీ కల్లు దుకాణాల మీద పడింది. దాన్నీ అణిచేశారు.

తాగేవాళ్ళే దుకాణం మూసెయ్యమని సమ్మె చేశారంటే, వాళ్ళ కోపం మత్తు మీదే కాదని నాకనిపిస్తుంది. సైకిల్ దిగే నియమం పక్కనే కల్లు దుకాణం కోరికని రాసుకున్నారు చూడండి. రెండూ ఒకే జాబితాలోవి.

మా యూ టీ కూడా అప్పట్లో ఓ పల్లె. ఈ పేరుకి తియోచ్యూ భాషలో నూనె చెరువు అని అర్థం. జపాన్ ఆక్రమణ రోజుల్లో ఇక్కడ చమురు దాచేవారు కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. 1996లో రైలు స్టేషను వచ్చింది, తర్వాత మాలాంటి వాళ్ళం వచ్చాం. సింగపూర్లోనూ ప్రభుత్వం తన అజమాయిషీలో కల్లు దుకాణాలు నడిపింది. ఇప్పుడవి లేవు. సరిహద్దు దాటి మలేసియాలో అయితే లైసెన్సు ఉన్న కల్లు దుకాణాలు ఇంకా ఉన్నాయి.

కల్లు ఎందుకు సీసాకెక్కలేదు?

కాస్త రసాయనం. ద్రాక్షనీ కల్లునీ పులియబెట్టే పనిలో ముఖ్యమైన ఈస్ట్ ఒకటే. తేడా ముడిసరుకులో ఉంది. వైన్ ద్రాక్షలో చక్కెర సుమారు 22 నుంచి 25 శాతం, పులుపు కూడా ఎక్కువ. అది పులిస్తే ఆల్కహాలు 12-14 శాతం చేరుతుంది. ఆ ఆల్కహాలూ, ఆ పులుపూ కలిసి వైన్‌ని ఏళ్ళ తరబడి కాపాడతాయి. తాటి, ఈత, కొబ్బరి నీరాలో చక్కెర అందులో సగం. లొట్టిలో పడ్డ క్షణం నుంచీ పులుస్తుంది, నాలుగైదు శాతం దగ్గర ఆగుతుంది, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. అంచేత కల్లుకి నేలమాళిగ లేదు, వయసు లేదు, ఓడ ప్రయాణం లేదు. చెట్టు కిందే తాగాలి.

రుచి లేదా అంటే ఎందుకు లేదు! తెలంగాణలో తాటికల్లు తాగేవాళ్ళని అడగండి. పోతుతాడు వేరు, పండుతాడు వేరు, పరుపుతాడు వేరు. ఏ కాలంలో ఏ చెట్టు కల్లు తీపి, ఏది పులుపు, పొద్దుటి లొట్టికీ సాయంత్రం లొట్టికీ తేడా ఏమిటి, అన్నీ చెప్తారు. వైన్‌వాళ్ళు నేల, ఎండ, ఏడాది అని మాట్లాడే మాటలే ఇవి. మోకు కట్టుకుని చెట్టెక్కే గౌడన్న దగ్గరున్న ఈ విద్యకి మాత్రం ఎవరూ పుస్తకం వెయ్యలేదు, పర్యాటక రైలూ వెయ్యలేదు.

పైగా చెట్టు అతనిదైనా కాకపోయినా, దాని మీద పన్ను సర్కారుది. 1886 మద్రాసు అబ్కారీ చట్టంతో చెట్టుకింత పన్ను, దుకాణానికింత వేలం అన్న పద్ధతి బిగిసింది. నిజాం రాజ్యంలోనూ అబ్కారీ పెద్ద ఆదాయమే. అందుకే 1947లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో తాళ్ళూ ఈతచెట్లూ నరికారు. ఖజానాని కొట్టాలంటే చెట్టుని కొట్టాలి. స్వాతంత్ర్యం కోసం మనం పడగొట్టుకున్న తోటలవి.

ప్రకాశం నుంచి దూబగుంట దాకా

తర్వాతి చరిత్ర మీకు తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. 1937లో రాజాజీ సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టాడు, మరుసటి ఏడాది మన చిత్తూరు, కడప జిల్లాలకి తెచ్చాడు. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రపు మొదటి మంత్రివర్గం, ప్రకాశం పంతులుగారిది, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. చర్చ మద్యనిషేధం మీదే. ఎనభైల్లో సర్కారే సారాని పాకెట్లలో పెట్టి ‘వారుణి వాహిని’ అని పేరుపెట్టి పల్లెలకి పంపింది. కల్లు పోయి సారా వచ్చింది. చెట్టెక్కేవాడు పోయి కాంట్రాక్టరు వచ్చాడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ ముందుండి, సారా దుకాణం మూయించారు. జిల్లా అంతా అంటుకుంది, వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు.

మా నాలుగు కుటుంబాల్లో ఒకాయన వాళ్ళమ్మగారు కావలి వైపు పల్లె నుంచి వచ్చి ఉన్నారు. ప్రయాణం సంగతి విని ఆవిడన్న మాట ఇది: “మేం ఆ పాకెట్లన్నీ రోడ్డు మీదేసి తగలబెట్టినాం నాయనా. మీరేందో విమానమెక్కి పోతుండారు తాగేదానికి.” ఆయన తల దించుకున్నాడు. “కొంచెం రుచి చూసి ఊసేస్తారు పెద్దమ్మా, మత్తుకి కాదు” అని నేను చెప్పబోయాను. “ఊసేదానికి దుడ్లిచ్చేది ఇంకా బాగుంది” అన్నారావిడ.

నేను చదివిన చరిత్రంతా కలిపినా ఆవిడ ముందు పూర్తి జవాబు కాదు. మంచి వైన్‌లో ఉన్నదీ పాకెట్‌లో ఉన్నదీ ఒకే ఆల్కహాలు. కానీ ఒక తేడా మాత్రం కనిపిస్తోంది. కొసోవిచ్‌ల తోటలో నేల వాళ్ళది, పంట వాళ్ళది, పీపా వాళ్ళది, అమ్మే బల్ల వాళ్ళది. మలయాలో కూలీకి వీటిలో ఒక్కటీ లేదు, తాగే కప్పు తప్ప. నెల్లూరు పల్లెల్లో అదీ లేదు, చినిగిన పాకెట్టే. పానీయానికి పరువు రావడంలో రుచి పాత్ర కొంచెమే. దాని లెక్క ఎవరి ఖాతాలో పడుతుందన్నదే పెద్దది. ఆ డాల్మేషియా కూలీ మనకన్నా గొప్ప తాగుబోతూ కాదు, గొప్ప రైతూ కాదు. అతని చర్మం రంగుకి ఆ దేశంలో ఎకరాలు అమ్మారు, మనకి అమ్మలేదు. ఇవాళ అదే దేశం మన పాస్‌పోర్టు మీద టూరిస్టు వీసా వేసి, రండి రుచి చూడండి అంటోంది. వెళ్తున్నాం, కానీ సంగతి తెలిసి వెళ్దాం.

చివరగా, లెక్కలు

వెళ్దామనుకునేవాళ్ళకి పనికొచ్చేవి. ఒక్కో టేస్టింగ్ గ్లాసులో 30 మిల్లీలీటర్లు పోస్తే, 13.5 శాతం లెక్కన మూడు గ్రాముల పైన ఆల్కహాలు. ఆస్ట్రేలియాలో ‘ఒక డ్రింక్’ అంటే 10 గ్రాములు. నాలుగు తోటల్లో ఆరేసి రుచులంటే దాదాపు ఎనిమిది డ్రింకులు! డ్రైవింగుకి పరిమితి 0.05. కాబట్టి రోజుకి రెండే తోటలు, రెండు కార్లకీ ఇద్దరు తాగని డ్రైవర్లు, మిగతావాళ్ళకి ఊసే బకెట్టు. మొహమాటపడకండి, అక్కడ అది మర్యాదే.

పళ్ళూ, పచ్చి కరివేపాకూ సంచీలో వేసుకుని దిగకండి. పందొమ్మిదో శతాబ్దంలో ఫిలోక్సెరా అనే చిన్న పురుగు ఫ్రాన్సు తోటల్ని తుడిచిపెట్టింది, 1877లో ఆస్ట్రేలియాలో విక్టోరియా దాకా వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోకి ఇంతవరకూ రాలేదు. వాళ్ళు సంచీలు అంత గట్టిగా వెతకడానికి ఇలాంటి అనుభవాలున్నాయి.

తిరిగొచ్చేటప్పుడు చాంగీలో మనిషికి రెండు లీటర్ల దాకా వైన్‌కి సుంకం లేదు, అంటే రెండు సీసాలు. మూడోదానికి ఆల్కహాలు లీటరుకి 88 డాలర్ల లెక్కన, 14 శాతం సీసాకి 9 డాలర్ల పైన, దానిమీద జీఎస్టీ. ఆ సీసా ఇంట్లోనే తెరవండి. 2013 డిసెంబరులో లిటిల్ ఇండియాలో జరిగిన అల్లర్ల తర్వాత 2015లో చట్టం వచ్చింది. రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఏడు దాకా బహిరంగ స్థలాల్లో తాగకూడదు, లిటిల్ ఇండియాలో ఇంకా కట్టుదిట్టం. ఆదివారం సాయంత్రం అక్కడ గడ్డిమీద కూర్చుని బీరు తాగే తెలుగు, తమిళ కన్‌స్ట్రక్షన్ కార్మికుల మీద ఈ చట్టం ఎక్కువ పడుతుంది. మనకి హాలూ, బాల్కనీ ఉన్నాయి, వాళ్ళకి డార్మిటరీ ఉంది. తోట రోజుల జాబితాలో ఈ వరస కూడా చేర్చుకోవచ్చు.

స్ప్రెడ్‌షీట్‌లో రెండో షీటు కూడా ఒకటి తెరిచాను. పేరు ‘బగాన్ దాతో’. కారులో మలేసియా దాటి, మనవాళ్ళు గీసిన కొబ్బరి తోటలు చూసి, ఇంకా తెలుగు మాట్లాడే ముసలివాళ్ళెవరైనా ఉంటే కూర్చుని వినాలని. నెల్లూరు పెద్దమ్మగారు దానికి వస్తానన్నారు.